తెలంగాణపు వెండి పాత్రలపై ముద్రలు, వ్రాతలు

శిలాశాసనములను, తామ్రశాసనములను, నాణెములను చరిత్రకు మూలసాక్ష్యములుగా గ్రహించుట మనకు చిరపరిచితము. దేవాలయపు గోడపై ఒక మూల చెక్కిన రెండు పంక్తులనుగూడ ప్రతిలిఖించి, లిపిని పరిశీలించి, కాలము నిర్ణయించి ప్రకటించుచున్నాము. కాని అదే గ్రామమున ఒక గృహస్థుని యింట పెట్టెలో భద్రపరుపబడిన వెండి కంచము అడుగున చుక్కలతో పొడిచిన నాలుగక్షరముల విషయమున మనము అంతటి శ్రద్ధ చూపుట లేదు. అదియు లోహముపై వ్రాసిన లేఖనమే. అందును పేరు కలదు, ఊరు కలదు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమును కలదు. భేదము ఒక్కటే: రాతిని కరగింపరు, వెండిని కరగింతురు.

పాత వెండి భోజనపాత్రలపై నుండు గుర్తులను ఎట్లు పోల్చుకొనవలెను, వానినుండి ఏమేమి నిర్ణయింపవచ్చును, ఏమేమి నిర్ణయింపరాదు అను విషయము ఈ వ్యాసమున చర్చింపబడుచున్నది. సిద్దిపేట జిల్లాలోని తొగుట ప్రాంతమును దృష్టియందుంచుకొని ఈ చర్చ సాగును. ఈ ప్రాంతము హైదరాబాదు రాజ్యమున మెదకు జిల్లాకు చేరియుండినది. 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరినది. తొగుట మహానగరము కాదు. సంస్థాన రాజధాని కాదు. వెండిపనికి పేరు మోసిన స్థలమును కాదు. అందుచేతనే అది మన చర్చకు తగియున్నది. రాజభవనములలోని వెండిసామానుకు పట్టికలుండును, కొనుగోలు పత్రములుండును. గ్రామగృహములోని పాత్రకు ఆ పాత్రయే పత్రము.

పాత వెండిపాత్ర చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు పుట్టును. ఇది ఎప్పటిది? ఎక్కడిది? ఇందలి వెండి ఎంత మేలిమిది? ఈ మూడింటికిని సమాధానము చెప్పు చిన్న ముద్రలు ఆంగ్లదేశపు పాత్రలపై నుండును. ఆ ముద్రల పట్టికలు గల పుస్తకములు చదివినవారు మన పాత్రలను త్రిప్పి అడుగున అట్టి ముద్రలనే వెదకుచున్నారు. అవి కానరానప్పుడు "గుర్తు లేదు, కనుక చెప్పజాలము" అని విడుచుచున్నారు. ఈ పరిశీలన మార్గము సరియైనది కాదు. మన పాత్రలపై గుర్తులు లేకపోలేదు. అవి వేఱు ప్రశ్నలకు సమాధానములు. ఈ విషయము స్పష్టపడుటకు మొదట ఆంగ్లపద్ధతిని, పిదప మన పద్ధతిని పరిశీలింతము.

ఆంగ్లదేశపు పద్ధతి

వెండిపై పరీక్షాముద్ర వేయు ఆచారము ఆంగ్లేయులతోనే పుట్టినది కాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దిలో బైజాంటియము చక్రవర్తుల కాలమున వెండి పళ్ళెములపై రాజాధికారుల ముద్రలు పడియున్నవి. కాని వందల యేండ్లు విచ్ఛిత్తి లేక సాగిన వ్యవస్థ ఆంగ్లదేశమున కనబడును. 1300లో మొదటి ఎడ్వర్డు రాజు శాసనము వలన వెండికి 'స్టెర్లింగు' ప్రమాణము, అనగా వెయ్యింట 925 పాళ్ళ శుద్ధవెండి, నియమింపబడి, దానికి చిఱుతపులి తల గుర్తుగా ఏర్పడినది. 1363లో పనివాడు తన గుర్తును తప్పక వేయవలెనను నియమము వచ్చినది. 1478లో సంవత్సరమునకొక అక్షరము చొప్పున వేయు పద్ధతి ఏర్పడినది. 1544లో నడచుచున్న సింహపు గుర్తు చేరినది. 1784నుండి 1890వఱకు పన్ను చెల్లించినందులకు రాజశిరస్సు గుర్తు వేయబడినది. 1773లో బర్మింగుహాము, షెఫీల్డు నగరములందు పరీక్షాస్థానములు ఏర్పడి, మొదటిదానికి లంగరు, రెండవదానికి కిరీటము గుర్తులైనవి. లండనులో స్వర్ణకారుల సంఘభవనమునకు 'హాలు' అని పేరు; ఆ హాలునందు వేయబడిన గుర్తు కావున 'హాల్‌మార్కు' అను మాట పుట్టినది.

ఇందు ఒక విషయము గమనింపదగినది. సంవత్సరాక్షరము భావికాలపు చరిత్రకారుని సౌకర్యమునకై పుట్టినది కాదు. తక్కువ వెండికి ముద్ర పడినచో, ఆ సంవత్సరమున పరీక్షకుడుగా నున్నవాడెవడో తెలిసికొని వానిని బాధ్యుని చేయుటకై పుట్టినది. కాలనిర్ణయమునకు అది నేడు ఉపకరించుట యాదృచ్ఛికము. కావున ప్రతి గుర్తును చూచినప్పుడు "ఇది ఎవరు, ఎవరికొఱకు, ఏ అనుమానము తీర్చుటకు వేసిరి?" అని ప్రశ్నింపవలెను. ఈ ప్రశ్నయే మన పాత్రల విషయమునను దారి చూపును.

మన దేశమున వెండి పరీక్ష

మన దేశమున వెండిపరీక్ష ఆలస్యముగా వచ్చినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందు అక్షశాల, సువర్ణాధ్యక్షుడు అను విషయములు విపులముగా చెప్పబడినవి. వెండి రకములు, సీసముతో దానిని శుద్ధిచేయు విధము, గీటురాయి లక్షణములు, పనివారు చేయు మోసములు అందు కలవు. కళింగదేశపు గీటురాయి, పెసర వన్నె గలది, శ్రేష్ఠమని అందు చెప్పబడినది. పనివాడు ఏ వన్నె, ఏ తూనిక గల లోహమును పుచ్చుకొనునో ఆ వన్నె, ఆ తూనికతోనే తిరిగి ఇయ్యవలెనను నియమమును కలదు. ఈ చివరి మాట మనకు ముఖ్యము. లోహము కొనువానిది, పని మాత్రము పనివానిది. పరీక్ష యీ ఇరువుర నడుమ జరుగునది.

వెండిపై ముద్రలు వేయుటయు మనకు క్రొత్త కాదు. కాని ఆ ముద్రలు పడినది నాణెముపై. కరీంనగరు ప్రాంతమున కోటిలింగాల, పెదబంకూరు తవ్వకములలో దొరకిన వెండి విద్ధాంక నాణెములు ఇందులకు నిదర్శనము. అట్టి నాణెములపై ముఖభాగమున నున్న గుర్తులతోపాటు, చేతులు మారినప్పుడు పరీక్షించినవారు వేసిన చిన్న గుర్తులును పెక్కింటిపై కానవచ్చును. మొగలుల రూపాయలపైనను ఇట్టి షరాబు గుర్తులు విరివిగా కలవు. అనగా వెండిపై మొదట రాజముద్ర, పిదప షరాబు ముద్ర పడుచుండెను. ఈ రెండు ముద్రలును నాణెపు జీవితములోనివి.

దేవాలయములందలి వెండిపాత్రల విషయమున మఱియొక పద్ధతి కనబడును. తంజావూరు బృహదీశ్వరాలయమున రాజరాజచోళుని శాసనములు దేవునికిచ్చిన పాత్రలను పేరు పేరున, తూనికతో సహా గోడపై నమోదు చేసినవి. కృష్ణదేవరాయలు 1513లో తిరుమలను మొదట దర్శించినపుడు కర్పూరహారతికై 25 వెండి పళ్ళెములు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. పాత్రకు సాక్ష్యము పాత్రపై కాక రాతిపై నున్నది. పాత్ర అరిగినను, కరిగినను పట్టిక నిలిచినది. ఆంగ్లదేశమున గుర్తు వస్తువును వెంబడించి పోవును. మన దేవాలయమున లెక్క వస్తువును కాపాడును.

ఇక గ్రామములోని గృహస్థుని సంగతి. ఆయన దుకాణమున సిద్ధముగానున్న పాత్రను కొనలేదు. తన యింటి వెండిని, ముఖ్యముగా రూపాయలను, అవుసులవానికి తూచి యిచ్చెను. మూసలో పోయునపుడు దగ్గఱ కూర్చుండెను. పాత్ర సిద్ధమైన పిమ్మట తరుగు పోను తూచి పుచ్చుకొని, మజూరి చెల్లించెను. కొనువాడు ఎఱుగని పనివాడు, కొనువాడు చూడని పని ఉన్నచోట పరీక్షాముద్ర అవసరమగును. ఇరువురును ఒకే ఊరివారై, లోహము కొనువానిదేయై, పని కన్నుల యెదుట జరుగునపుడు ఆ ముద్రకు పని లేదు. మన గ్రామపాత్రలపై మేలిమిముద్ర లేకపోవుటకు అజ్ఞానము కారణము కాదు, వ్యవహారరీతియే కారణము.

హాలీ సిక్కా, కల్దారు

తొగుట ప్రాంతపు పాత్రకు వెండి ఎక్కడనుండి వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదు రాజ్యపు నాణెములలో నున్నది. 1857 తరువాత మొగలు చక్రవర్తి పేరు తొలగి, నిజాము ప్రభుత్వపు నాణెము 'హాలీ సిక్కా' అను పేర చెలామణి యయ్యెను. అంతకుముందు గద్వాల, నారాయణపేట మొదలగు చోట్లను టంకసాలలుండి, నాణెపు మేలిమి చోటునుబట్టి మారుచుండెను. అందుచేత షరాబుల అవసరము హెచ్చుగా నుండెను. 20వ శతాబ్ది ప్రారంభమున యంత్రముపై ముద్రించిన చార్మినారు రూపాయితో తూనికయు మేలిమియు స్థిరపడినవి. దీనితోపాటు బ్రిటిషు ఇండియా రూపాయియు వాడుకలో నుండెను. దానిని తెలంగాణమున 'కల్దారు' అని పిలిచిరి.

ఈ రెండు రూపాయల భేదము పాత్రలను పరీక్షించువానికి తప్పక తెలిసియుండవలెను. చార్మినారు హాలీ రూపాయి తూనిక 11.178 గ్రాములు; మేలిమి వెయ్యింట 818. కల్దారు రూపాయి తూనిక 180 గ్రెయినులు, అనగా ఒక తులము, 11.664 గ్రాములు, మేలిమి పండ్రెండింట పదునొకండు పాళ్ళు, అనగా వెయ్యింట 916.7. నూరు హాలీ రూపాయలు కరగించినచో 1,117.8 గ్రాముల ముద్ద వచ్చును. అందు శుద్ధవెండి 914 గ్రాములు. నూరు కల్దార్లు కరగించినచో 1,166.4 గ్రాములు, అందు శుద్ధవెండి 1,069 గ్రాములు. ఈ రెండు శుద్ధవెండి మొత్తముల నిష్పత్తి రమారమి ఏడింటికి ఆఱు. 1950లో భారత రూపాయి హైదరాబాదున ప్రవేశించినపుడు ఏడు హాలీ రూపాయలకు ఆఱు భారత రూపాయలుగా మారకము నిర్ణయమగుట గమనింపదగును. 1959లో హాలీ సిక్కా పూర్తిగా చెల్లకపోయెను.

దీనినిబట్టి తెలియునదేమి? కేవలము హాలీ రూపాయలతో చేసిన పాత్ర మేలిమి 818కి దగ్గఱగా నుండును. కల్దార్లతో చేసినది 917కి దగ్గఱగా నుండును. నేడు ఒక యింటివారు తమ ముత్తాతనాటి చెంబును దుకాణమునకు తీసికొనిపోయినపుడు "ఇందు మేలిమి తక్కువ, మీ పెద్దలను పనివాడు మోసగించెను" అను మాట వినవలసి రావచ్చును. కాని ఆ తక్కువ మేలిమి మోసమునకు గుర్తు కాకపోవచ్చును. అది హాలీ సిక్కాకు గుర్తు కావచ్చును. రాజముద్ర మూసలో కరిగిపోయినను, రాజు నియమించిన పాళ్ళు పాత్రలో నిలిచియున్నవి. మన పాత్రలపై మేలిమిముద్ర కనబడకున్నను, ఆ లోహపు పాళ్ళే ఒక విధమైన ముద్ర.

అయినను ఈ అనుమానమును సిద్ధాంతముగా భావింపరాదు. పనివాడు సీసముతో శుద్ధిచేసి యుండవచ్చును. పాత నగలను కలిపియుండవచ్చును. అతుకులందలి టంకము మేలిమిని తగ్గించియుండవచ్చును. కావున పాళ్ళు 818 అని తేలినంతమాత్రమున పాత్ర హాలీ రూపాయలదని నిశ్చయింపరాదు. ఇతర సాక్ష్యములతో కలిపి మాత్రమే చెప్పవలెను. మఱియొక ఎల్లయు గమనింపవలెను. 1940లో బ్రిటిషు ఇండియా రూపాయిలో వెండి సగమునకు తగ్గింపబడెను. 1947లో రూపాయి నికెలుతో ముద్రింపబడెను. కల్దార్లను కరగించి పాత్రలు చేయించు ఆచారమునకు ఈ మార్పులు అడ్డుగట్ట అయినవనుట సహజము.

పాత్రలపై వ్రాతలు

ఇప్పుడు పాత్రపై కంటికి కనబడు గుర్తులకు వత్తము. ఇవి నాలుగు విధములు.

మొదటిది స్వామిత్వమును తెలుపు వ్రాత. ఉలిమొనతో చుక్క ప్రక్క చుక్క పొడిచి అక్షరమును తీర్చుట ఇందు సాధారణ పద్ధతి. ఇత్తడి, కంచు పాత్రలపైనను ఇదే పద్ధతి కలదు. ఇంటిపేరు యొక్క మొదటి అక్షరము, గృహస్థుని పేరు, ఒక్కొక్కప్పుడు ఊరిపేరు ఇందుండును. పెండ్లిండ్లకు, శుభకార్యములకు పాత్రలు ఒక యింటనుండి మఱియొక యింటికి ఎరువుగా పోవుచుండెడివి. కార్యము ముగిసిన పిదప ఏ పాత్ర ఎవరిదో తెలియుటకై ఈ వ్రాత ఏర్పడినది. మేలిమి విషయమున అనుమానము లేని సంఘమునకు తిరిగివచ్చుట విషయమున అనుమానము కలదు. ఆ అనుమానమునకే ఈ గుర్తు సమాధానము.

రెండవది కానుకను తెలుపు వ్రాత. వివాహమునకో, శిశువు అన్నప్రాశనకో ఇచ్చిన కంచము, గిన్నె, ఉగ్గుగిన్నె మొదలగువానిపై ఇచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవారి పేరు, సంవత్సరము ఉండుట కలదు. చరిత్రకారునికి వీనికంటె విలువైన పాత్ర లేదు. స్త్రీల పేర్లు భూమిపత్రములందు అరుదుగా కనబడు కాలమున ఈ కానుకపాత్రలపై అవి కనబడవచ్చును. పుట్టింటి పేరును మెట్టినింటి పేరును ఒకే పాత్రపై నుండినచో, రెండు గ్రామముల నడుమ వియ్యము తెలియుటకు అది సూటియైన సాక్ష్యము.

మూడవది తూనిక. పాత్ర అడుగున తులములలో తూనిక గీయబడుట కలదు. దానిని నేటి తూనికతో పోల్చినచో ఎంత అరిగినదో, హిడి లేక మూత ఏదైన పోయినదో తెలియును. తులము 11.664 గ్రాములుగా లెక్కింపవలెను. నేడు వ్యాపారమున పది గ్రాములనే తులమని వ్యవహరించుట కలదు. ఆ లెక్కను పాత వ్రాతకు అన్వయింపరాదు.

నాలుగవది పనివాని లేక దుకాణపు గుర్తు. ఇది చుక్కలతో పొడిచినది కాక, అచ్చుతో ఒకే దెబ్బన కొట్టినదై, చిన్న చట్రములో నుండును. గ్రామపు పనిలో ఇది అరుదు. పట్టణపు దుకాణమున కొన్న పాత్రలందు హెచ్చు. గుర్తున్నచో పాత్ర సిద్ధముగా కొన్నదని ఊహించుటకు అవకాశము కలదు. కరీంనగరు వెండితీగ పనిలో మఱియొక చిక్కు కలదు. అత్తరుదానులు, పాన్‌దానులు, తట్టలు మొదలగునవి సన్నని తీగతో అల్లబడుటచే ముద్ర కొట్టుటకు తగిన రేకు ఉండదు. అట్టివానిలో అంచుపట్టీని, అడుగుపట్టీని మాత్రము పరిశీలింపవలెను. అచ్చటను గుర్తు లేనిచో పనిరీతియే గుర్తు.

కాలనిర్ణయమున చిక్కులు

వ్రాతలో అంకెలున్నంతమాత్రమున కాలము తేలినట్లు భావింపరాదు. హైదరాబాదు రాజ్యమున నాలుగు లెక్కలు ప్రక్కప్రక్కన నడచినవి. ప్రభుత్వపు కాగితములందు ఫసలీ, నాణెములందు హిజరీ, పంచాంగమున అఱువది సంవత్సరముల పేర్లు, రానురాను క్రీస్తుశకము. ఒక పాత్రపై "1345" అని యున్నదనుకొందము. అది ఫసలీ యైనచో 1935-36 అగును; హిజరీ యైనచో 1926-27 అగును. హైదరాబాదు ఫసలీ సంవత్సరము అక్టోబరున ప్రారంభమగుటచే, డిసెంబరువఱకు 590, ఆ పిదప 591 కూడవలెను. పాత్ర యజమాని పట్వారీ యైనచో ఫసలీ యనుటకు, వ్రాత ఉర్దూలో నున్నచో హిజరీ యనుటకు మొగ్గు కలదు గాని, ఇవి నియమములు కావు.

సంవత్సరము పేరు మాత్రమున్నచో అఱువది యేండ్ల సందేహము కలుగును. 'ప్రమోదూత' అనునది 1870-71, 1930-31, 1990-91 మూడింటిలో ఏదైనను కావచ్చును. ఇట్టియెడల లిపి, అంకెల రూపము, బిరుదులు, స్థలనామము సాయపడును. తెలుగు అంకెలు వాడుట ప్రాచీనతకు అనుకూలము. 'జాగీర్దారు' అను పదమున్నచో 1949లో జాగీర్లు రద్దగుటకు ముందుదని భావింపవచ్చును. గ్రామపు పటేలు, పట్వారీ ఉద్యోగములు 1984లో రద్దైనవి. కాని పట్వారీ అను మాట ఇంటిపేరువలె తరువాతను నిలిచినది. మెదకు జిల్లా అని యున్నచో ఆ వ్రాత 2016కు పూర్వపుదగుటకు ఎక్కువ అవకాశము.

అన్నింటికంటె ముఖ్యమైన జాగ్రత్త మఱియొకటి. వ్రాత వేఱు, పాత్ర వేఱు. పాత్ర వ్రాతకంటె పూర్వపుది కావచ్చును. వ్రాత పాత్రకంటె పూర్వపుది కాజాలదు. తాతనాటి కంచముపై మనుమని పెండ్లినాడు పేరు పొడిపించుట సహజము. ఒకే పాత్రపై రెండు మూడు వ్రాతలున్నచో ఏది అరిగినది, ఏది పదునుగా నున్నది, ఏ అక్షరము మఱియొకదానిపై పడినది అను విషయములను భూతద్దముతో చూచి క్రమము నిర్ణయింపవలెను.

ఇతర ప్రాంతముల ముద్రలు

మన ప్రాంతపు ఇండ్లలోనికి ఇతరచోట్ల చేసిన సామానును రావచ్చును. బ్రిటిషు ఇండియాలో ప్రభుత్వపు వెండిపరీక్షా వ్యవస్థ లేకుండుటచే ఐరోపీయ వ్యాపారులు తమ గుర్తులను తామే ఏర్పఱచుకొనిరి. కలకత్తా హామిల్టన్ కంపెనీవారి పాత్రలపై పొడి అక్షరములతోపాటు ఏనుగు బొమ్మ, ఒక ఆంగ్లాక్షరము కనబడును. ఇవి ఆంగ్లదేశపు పరీక్షాముద్రలను పోలియుండునే గాని పరీక్షాముద్రలు కావు. మద్రాసు పి. ఆర్ అండ్ సన్సు వారు దేవతామూర్తులతో నిండిన 'స్వామి' పనికి ప్రసిద్ధులు. వారు తమ పేరునే ముద్రగా వేసిరి. కచ్ఛదేశమున భుజ్ నగరపు ఊమర్సీ మావ్జీ తన పేరి పొడి అక్షరములను ఊరిపేరుతో కలిపి వేసెను. ఈ ముద్రలు పనివానిని తెలుపును గాని మేలిమికి ప్రభుత్వము హామీ ఇచ్చినట్లు తెలుపవు.

మోసపుచ్చు గుర్తులలో 'ఇ. పి. ఎన్. ఎస్.' అనునది మొదటిది. ఈ నాలుగు ఆంగ్లాక్షరములు చిన్న చిన్న చట్రములలో నుండి హాల్‌మార్కువలె భ్రమ గొల్పును. 1840లో ఎల్కింగ్టన్ వారు హక్కుపత్రము పొందిన విద్యుత్ పూతపద్ధతితో, నికెలు మిశ్రలోహముపై వెండిపూత వేసిన సామానుకు ఇది గుర్తు. పూత క్రింద వెండి లేదు. మనవారు 'జర్మను వెండి' అను లోహమును ఇట్టిదే: రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము, పేరున తప్ప అందు వెండి లేదు. బీదరు పనిలో నల్లని తుత్తునాగపు మిశ్రలోహమున వెండి పొదుగబడును. అదియు వెండిపాత్ర కాదు.

స్వతంత్రభారతమున భారతీయ ప్రమాణముల సంస్థ బంగారమునకు 2000లో, వెండికి 2005లో హాల్‌మార్కు వ్యవస్థను ప్రారంభించెను. త్రిభుజాకారపు సంస్థాచిహ్నము, 925, 970, 990 మొదలగు మేలిమి సంఖ్య అందుండును. 2025 సెప్టెంబరునుండి వెండికిని ఆఱు అక్షరాంకముల ప్రత్యేకసంఖ్య చేరినది. పాతదని చెప్పబడు పాత్రపై ఈ త్రిభుజము కనబడినచో, ఆ ముద్ర 2005 తరువాతిదని నిశ్చయము. పాత్ర కాలమును దానినిబట్టి చెప్పరాదు. పాతరీతిని అనుకరించి చేసిన క్రొత్తపాత్ర కావచ్చునని మాత్రము శంకింపవలెను.

పరీక్షాక్రమము

పరిశోధకుడు పాత్రకు హాని చేయని పరీక్షలతో ప్రారంభింపవలెను. మొదట పాత్రను తోమకుండ, ఏటవాలు వెలుతురులో అడుగును, అంచును, హిడి అతుకును చూడవలెను. నలుపు తొలగించుటకు బూడిదతోనో చింతపండుతోనో రుద్దినచో చుక్కల వ్రాత మఱింత అరుగును. సన్నని కాగితముపై మెత్తని పెన్సిలుతో వ్రాతకు ప్రతి తీయవలెను. తూనిక, వ్యాసము, ఎత్తు గుర్తింపవలెను.

పిదప సాంద్రత. పాత్రను గాలిలో తూచి, నీటిలో వ్రేలాడదీసి తూచినచో సాంద్రత లెక్కింపవచ్చును. శుద్ధవెండి సాంద్రత 10.49, 917 మేలిమికి రమారమి 10.3, 818 మేలిమికి రమారమి 10.2, జర్మను వెండికి 8.6 ప్రాంతము. జర్మను వెండిని వేఱుచేయుటకు ఈ పరీక్ష చాలును. కాని హాలీ వెండికిని కల్దారు వెండికిని భేదము బహుస్వల్పము. 300 గ్రాముల పాత్రలో అది అర ఘనసెంటీమీటరు మాత్రమే. గాలిబుడగ ఒకటి అంటియున్నను లెక్క తప్పును. గీటురాయి, ఆమ్లపరీక్ష వ్రాత లేనిచోట, అనుభవజ్ఞుని చేతనే చేయింపవలెను. నేటి ఎక్స్‌కిరణ పరీక్షాయంత్రము పాత్రను గాయపఱచదు. కాని అది పైపొరను మాత్రమే చూచును. కాచి ఆమ్లమున కడుగు పనిలో పైపొరనుండి రాగి తొలగి, పైన వెండి పాలు హెచ్చుగా నుండును. కావున అరిగిన అంచున ఒకసారి, అడుగున ఒకసారి చూచి రెంటిని పోల్చవలెను.

తొగుట ప్రాంతమున కర్తవ్యము

ఈ పరిశీలన తొగుట ప్రాంతమున ఏల త్వరపడి చేయవలెనో చెప్పి ముగింతును. కాళేశ్వరము పథకములో భాగమైన మల్లన్నసాగరు జలాశయము, 50 టి.ఎం.సి. సామర్థ్యము గలది, ఈ మండలపు భూములలో నిర్మింపబడి, 2022 ఫిబ్రవరి 23న ప్రారంభింపబడినది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్ మొదలగు గ్రామములవారు తమ యిండ్లను విడిచి గజ్వేలు సమీపమునకు తరలిరి. ఇండ్లు పోయినవి; వీధులు పోయినవి; గోడపై వ్రాతలున్నచో అవియు పోయినవి. తరలివచ్చినవి పెట్టెలో పట్టినవి మాత్రమే. ఊరిపేరు పొడిచిన యొక చెంబు ఆ పెట్టెలలో నున్నచో, ఆ ఊరిలోనే వ్రాయబడి, ఆ ఊరిని దాటి బ్రదికిన లేఖనములలో అది యొకటి.

కాని ఆ చెంబునకు మఱియొక ఆపద కలదు. 2025లో కిలో వెండి ధర లక్షన్నర రూపాయలు దాటినది. క్రొత్త యిల్లు కట్టుకొనువారికి, పిల్ల పెండ్లి చేయువారికి పాతవెండిని మార్చుట సులభమైన మార్గము. దుకాణమున దానిని తూచి, మేలిమి కట్టి, ధర నిర్ణయించి, మూసలో వేయుదురు. ధరలో అక్షరములకు లెక్క లేదు. యజమానిని అమ్మవద్దనుట మనకు తగదు. ఆ వెండి వారిది, అవసరమును వారిది. కాని కరగుటకు ముందు పది నిమిషములు దొరకినను, వ్రాతకు ప్రతి తీయవచ్చును, ఛాయాచిత్రము తీయవచ్చును, తూనిక, మేలిమి గుర్తింపవచ్చును, ఆ పేరు ఎవరిదో ఇంటి పెద్దనడిగి తెలిసికొనవచ్చును. దుకాణమువారు కట్టిన మేలిమి లెక్కయు మనకు సాక్ష్యమే. ప్రకటించునపుడు జీవించియున్నవారి పేర్లు, పాత్ర ఉన్నచోటు బయటపెట్టకుండుట మన ధర్మము.

తంజావూరున రాజు పాత్రల పట్టికను రాతిపై చెక్కించెను. గ్రామపు గృహస్థుడు పాత్రపైననే పేరు పొడిపించి, పట్టిక అక్కఱలేదనుకొనెను. ఊరు నిలిచియున్నంతకాలము ఆయన తలంపు సరియైనదే. ఇప్పుడు ఊరు లేదు. ఆ పట్టికను కాగితముపై వ్రాయుపని విశ్వవిద్యాలయ పరిశోధకులపై పడినది.